ప్లమ్ వృక్షము: దాని లక్షణములు, వ్యాప్తి, మన భూములకు దాని యోగ్యత

(బాగాతు భూములుగల రైతుల యుపయోగార్థము)

1. ఈ పత్రముయొక్క యుద్దేశము

బావిక్రిందగాని చెఱువుక్రిందగాని బాగాతు భూమిగల రైతులలో పలువురు క్రొత్త ఫలజాతులను నాటవలెనని యుత్సాహపడుచున్నారు. ఇది మెచ్చదగిన గుణమే. మన దేశమున నింటింట వాడబడు మిరప, వేరుసెనగ, జామ, సీతాఫలము, బొప్పాయి యనునవి యన్నియు అమెరికా ఖండమునుండి సముద్రముమీదుగా వచ్చినవే. వానిని మొదట నాటినవారు వెనుదీసి యుండినయెడల నేడు మనకవి లేకపోవును. కావున పరదేశపు మొక్క యన్నమాత్రమున దేనిని త్రోసివేయరాదు.

అయినను, ఆ మొక్క యెట్టి శీతోష్ణస్థితియందు పుట్టినదో, కాపునకు వచ్చుటకు దాని కేమి కావలయునో విచారింపక నాటుట తగదు. ఫలవృక్షమునందు కలుగు నష్టము తక్కిన పైరులయందు కలుగు నష్టమువంటిది కాదు. జొన్న చెడిపోయినచో నాలుగు నెలలలో తెలియును. మఱుసటి కారునకు వేఱొక పైరు వేసి కొంత సరిచేసికొనవచ్చును. ఫలవృక్షమైనచో నాలుగైదేండ్లు ఎరువును, నీటిని, కావలిని పెట్టిన పిదపగాని అది కాయునో కాయదో తెలియరాదు. అందుచేత ప్లమ్ అను వృక్షమునుగూర్చి తెలిసికొనదగిన విషయములను, ముఖ్యముగా మన భూములలో దానిని నాటుట యుక్తమా కాదా యను సంగతిని, ఈ క్రింద వివరించుచున్నాము.

2. పేరునుబట్టి కలుగు భ్రాంతి

ఇంగ్లీషువారు పులుపును తీపియు కలిసి, రసము నిండి, నడుమ టెంకగల చిన్న పండ్ల నెన్నింటినో ప్లమ్ అనియే పిలిచిరి. మన రేగును ఇండియన్ ప్లమ్ అనిరి. నేరేడును జావా ప్లమ్ అనిరి. అడవిమామిడిని హాగ్ ప్లమ్ అనిరి. ఈ మూడును మూడు వేఱువేఱు కుటుంబములకు చెందినవి. వీనిలో నొక్కటియు నిజమైన ప్లమ్ కాదు.

నిజమైన ప్లమ్ గులాబీ కుటుంబములోని ప్రూనస్ అను ప్రజాతికి చెందినది. బాదము, పీచు, చెర్రీ, హైదరాబాదులో మిఠాయి చేయు ఖుబానీ యనునవి దాని దగ్గఱి చుట్టములు. మన బజారులలో ఎండబెట్టి అమ్మబడు ఆల్‌బుఖారా పండు ఈ వర్గములోనిదే. కావున మొక్క కొనునప్పుడు ప్లమ్ అను పేరు విని తృప్తిపడక, ఏ ప్లమ్ అని యడుగుట మొదటి పని.

నిజమైన ప్లములలో సాగునందున్న ముఖ్యజాతులు మూడు. మొదటిది జపాను ప్లమ్. శాస్త్రజ్ఞులు దీనిని ప్రూనస్ సాలిసినా అందురు. రెండవది ఐరోపా ప్లమ్, అనగా ప్రూనస్ డొమెస్టికా. మూడవది చెర్రీ ప్లమ్, అనగా ప్రూనస్ సెరాసిఫెరా. భారతదేశమున పండ్లకొఱకు విశేషముగా సాగుచేయబడునది జపాను ప్లమ్. ఈ పత్రమున దానినిగూర్చియే యెక్కువగా వ్రాయబడినది.

3. జపాను ప్లమ్ యొక్క లక్షణములు

వృక్షము: ఇది మధ్యమ పరిమాణముగల చెట్టు. సాధారణముగా 20 మొదలు 30 అడుగుల యెత్తు పెరుగును. కొమ్మలు నలుదెసల వ్యాపించును. లేతకొమ్మలు నూగు లేక నున్నగా నుండి, ముదిరినకొలది ఎఱుపు కలిసిన గోధుమవన్నె దాల్చును. ఇది ఆకు రాల్చుజాతి. చలికాలమున ఆకులన్నియు రాలిపోయి చెట్టు మోడువలె నిలుచును. ఈ నిద్రావస్థ దాని స్వభావములోనిది, రోగము కాదు.

ఆకు: ఆకులు కొమ్మపై ఒకదాని కొకటి యెదురెదురుగా కాక, మార్చి మార్చి పుట్టును. పొడవు రెండున్నర మొదలు అయిదంగుళముల వఱకు నుండును. మొదటివైపు సన్నగిలి, నడిమికి పైభాగమున వెడల్పై, కొన వాడిగా నుండును. అంచునందు సన్నని రంపపుపండ్లవంటి నొక్కులు గలవు. ఆకు తొడిమమీద, పలకకు సమీపమున, ఆవగింజకంటె చిన్నవగు గ్రంథులు సాధారణముగా కనబడును. సాలిసినా యనగా నిర్వసి చెట్టువంటి యాకు గలదని యర్థము.

పువ్వు: చలి తగ్గి వసంతము ప్రవేశించినతోడనే, ఆకులకు ముందుగా పువ్వులు విచ్చును. పువ్వు తెలుపు; అడ్డుకొలత ముప్పాతిక యంగుళము. ఒక్కొక్క మొగ్గనుండి తఱచుగా మూడేసి పువ్వులు వెడలును. రక్షకపత్రములు 5, ఆకర్షణపత్రములు 5, కేసరములు ఇరువదికి పైగా నుండును. అండాశయ మొక్కటే. పూత యెక్కువగా పొట్టికణుపులుగల కురుచ కొమ్మలమీదను, గడచిన యేటి రెమ్మలమీదను వచ్చును. ఈ విషయము తెలియక కురుచ కొమ్మలను పనికిరానివని కత్తిరించువాడు రాబోవు కాపును తన చేతితోనే నఱకుకొనుచున్నాడు.

కాయ: పండు గుండ్రముగానో, హృదయాకారముగానో యుండును. ఒక ప్రక్క తొడిమనుండి కొనవఱకు సన్నని గాడి యుండును. పై తోలు పసుపు, ఎఱుపు, ఊదా, నలుపు కలిసిన యెఱుపు మొదలగు వన్నెలు దాల్చును. దానిపై ద్రాక్షపండ్ల మీదివలె బూడిదవన్నె మైనపుపొర గలదు. వ్రేలితో తుడిచిన పోవును. కండ రసవంతము. అనేక రకములలో కండ టెంకను విడువక అంటియుండును.

టెంకలోని పలుకును తినరాదు. దానియందును, ఆకులయందును విషము పుట్టించు పదార్థము కలదు. విశేషముగా విఱిగిపడి వాడిన ఆకులు పశువులకు ప్రాణాపాయకరములు కావచ్చును. కొమ్మలు కత్తిరించినపుడు వానిని పశువుల కందకుండ తీసివేయవలెను.

4. మూడు జాతులను గుఱుతించు విధము

ఐరోపా ప్లమ్ ఆకు మందముగా ముడుతలు పడి, క్రిందివైపున నూగు గలిగి యుండును. జపాను ప్లమ్ ఆకు పలుచన, నునుపు. ఐరోపా జాతిలో మొగ్గ కొకటియో రెండో పువ్వులు. జపాను జాతిలో తఱచు మూడు. ఐరోపా జాతి పండు కోలగా నుండి, చక్కెర యెక్కువగుటచే కొన్ని రకములు ఎండబెట్టుటకు శ్రేష్ఠములు. జపాను జాతి పండు నీరెక్కువగుటచే పచ్చిదిగా తినుటకును, జాము చేయుటకును యోగ్యము. చెర్రీ ప్లమ్ పండు వీనికంటె చిన్నది, విలువ తక్కువది. దాని మొక్కలు అంటు కట్టుటకు అడుగుమొక్కలుగా విశేషముగా వాడబడుచున్నవి.

మన రేగుతో పోల్చిచూచినచో భేదము మఱింత సులభము. రేగాకునకు మొదటినుండి కొనవఱకు మూడు ఈనెలు స్పష్టముగా నుండును. అడుగుభాగము తెల్లగా నుండును. కొమ్మకు ముండ్లు గలవు. నేరేడాకులు ఎదురెదురుగా పుట్టి, నలిపినచో వాసన గొట్టును. అంచున నొక్కు లుండవు. కొనబోవు మొక్కకు మార్చి మార్చి పుట్టిన ఆకులును, అంచున రంపపునొక్కులును లేనియెడల, అమ్మువాడు ఏ పేరు చెప్పినను అది ప్లమ్ కాదు.

5. జన్మదేశము, వ్యాప్తి

జపాను ప్లమ్ అని పేరుండినను దీని జన్మభూమి జపాను కాదు, చైనాదేశము. అచ్చట నిది వేలయేండ్లనుండి సాగునందున్నది. అటనుండి జపానునకు పోయి కొన్ని శతాబ్దములు పెంపబడినది. అమెరికావారు 1870 ప్రాంతమున దీనిని జపానునుండి తెప్పించుకొనుటచేత ఆ దేశము పేరు దీనికి స్థిరపడినది. నేటికిని ప్రపంచమందలి ప్లమ్ పంటలో సగమునకు పైగా చైనాలోనే పండుచున్నది.

ఈ వృక్షచరిత్రలో మన తెలుగుసీమతో సంబంధముగల యొక విశేషము కలదు. విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు సామర్లకోటలో చాలకాలము కొలువుండి, అచ్చట మిరియము మొదలగు మొక్కలను పరీక్షించుచు, కోరమండలతీరపు మొక్కల చిత్రములను వ్రాయించెను. 1793లో కలకత్తా వృక్షవాటికకు అధిపతియై పోయెను. చైనానుండి ఆ తోటకు తేబడిన ఈ ప్లమునకు ఆయన ప్రూనస్ ట్రైఫ్లోరా, అనగా మూడు పువ్వుల ప్లమ్, అని పేరు పెట్టెను. ఆయన గ్రంథము పూర్ణముగా ముద్రితమగుటకు 1832 వఱకు పట్టెను. లిండ్లీ అను మఱొక శాస్త్రజ్ఞుడు పెట్టిన సాలిసినా యను పేరే నేడు వాడుకలో నిలిచినది. అయినను మొగ్గకు మూడు పువ్వులను గుఱుతు నేటికిని పనికివచ్చుచున్నది.

అమెరికాలో లూథర్ బర్బాంకు అను నాతడు 1885లో జపానునుండి ప్లమ్ మొక్కలను తెప్పించి, ఇతర జాతులతో సంకరము చేసి, అనేక రకములను పుట్టించెను. 1906లో ఆతడు వెలువరించిన శాంటా రోసా అను రకము లోకప్రసిద్ధ మైనది. కాలిఫోర్నియా, చిలీ, దక్షిణాఫ్రికా, ఇటలీ, ఆస్ట్రేలియా దేశములలో ఈ జాతి వ్యాపించుట కీ సంకరములే ముఖ్యకారణము.

భారతదేశమున 1870 ప్రాంతమున కులూ లోయలో ఆంగ్లేయులు శీతలదేశపు ఫలవృక్షముల తోటలు వేయుట కారంభించిరి. నేడు ప్లమ్ హిమాచల ప్రదేశము, కాశ్మీరము, ఉత్తరాఖండములలో విస్తారముగా సాగగుచున్నది. జపాను రకములు సాధారణముగా 3,500 మొదలు 5,000 అడుగుల యెత్తుగల కొండప్రదేశములలో బాగుగా కాయును. ఐరోపా రకములకు అంతకంటె నెత్తైన చోట్లు కావలయును. హిమాచల ప్రదేశమున శాంటా రోసా ప్రధానమైన రకము. దక్షిణమున నీలగిరులలోను, కొడైకెనాలు కొండలలోను ప్లమ్ తోటలు గలవు. మైదానములలో పంజాబునందు మాత్రము సట్లజ్ పర్పుల్, కాలా అమృత్‌సరీ యను రకములు సాగునందున్నవి. పంజాబు మైదానమే కదా, అచ్చట కాచినది మన మైదానమున ఏల కాయరాదు అని యడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము తరువాతి ప్రకరణమున నున్నది. ఈ పత్రమున ముఖ్యమైన ప్రకరణమదియే.

6. చలియొక్క యావశ్యకత

ప్లమ్ చెట్టు వచ్చు వసంతమున పూయవలసిన మొగ్గలను అంతకు ముందటి వేసవి, వర్షకాలములయందే కట్టుకొనును. చలికాలము రాగానే ఆ మొగ్గలు నిద్రించును. ఈ నిద్ర మంచు కురియు దేశములలో చెట్టునకు రక్షణ. శీతకాలము నడుమ నాలుగు దినములు ఎండకాసినంతమాత్రమున మొగ్గ విచ్చినయెడల, తరువాతి మంచునకు మాడిపోవును. అట్లు కాకుండుటకై, కొంత పరిమాణము చలి యనుభవించినగాని మొగ్గ మేలుకొనకుండునట్లు దాని స్వభావ మేర్పడినది.

ఈ చలిని గంటలలో లెక్కించుట వాడుక. ఉష్ణమానము ఫారన్‌హీటు 45 డిగ్రీలకు, అనగా సెంటిగ్రేడు 7 డిగ్రీలకు, లోబడియున్న ప్రతి గంటయు ఒక శీతఘడియగా నెంచబడును. ఐరోపా ప్లమునకు సాధారణముగా 700 మొదలు 1,000 గంటలు, కొన్నింటి కంతకు మించియు కావలయును. జపాను ప్లమ్ రకములలో పెక్కింటికి 500 మొదలు 900 గంటలు కావలయును. అల్పశీతపు రకములని చెప్పబడునవి కూడ సుమారు 150 మొదలు 300 గంటలు కోరును. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు గల్ఫ్ అను మాట మొదటగల పేర్లతో వెలువరించిన రకములు ఈ తరగతిలోనివి. పంజాబులో డిసెంబరు, జనవరి మాసములందు వరుసగా అనేక రాత్రులు ఉష్ణమానము 7 డిగ్రీలకు దిగువ నుండుటయేకాక, పొగమంచుచేత పగలు కూడ చల్లగా నుండును. అందుచేత అల్పశీతపు రకముల కచ్చట చాలినంత చలి దొరకుచున్నది.

మన సంగతి చూతము. హైదరాబాదునందు డిసెంబరు నెలలో రాత్రి కనిష్ఠోష్ణము సగటున సెంటిగ్రేడు 14, 15 డిగ్రీలు. ఆదిలాబాదు ప్రాంతమున చలిగాలులు వీచినపుడు 5 డిగ్రీలకు దిగు రాత్రులును గలవు. అట్టి రాత్రులు సంవత్సరమున కిరువది యనుకొని, ఒక్కొక్క రాత్రి 5 గంటలసేపు ఉష్ణమానము 7 డిగ్రీలకు లోబడి యున్నదనుకొందము. మొత్తము 100 గంటలు మాత్రమే యగును. ఇది అల్పశీతపు రకములకు సైతము చాలదు. అంతేకాదు; మధ్యాహ్నపు వేడి రాత్రి సంపాదించిన చలిని కొంతవఱకు హరించును. మన చలికాలమున పగటి యుష్ణము తఱచుగా 28 డిగ్రీలకు పైగా నుండును గనుక, ఆ 100 గంటలును పూర్తిగా లెక్కకు రావు. విశాఖ మన్యమునందలి లంబసింగి, చింతపల్లి ప్రాంతములు ఇంతకంటె చల్లనివి. అయినను అచ్చటను రాత్రిచలితోపాటు పగటియెండనుకూడ లెక్కింపక నిర్ణయము చేయరాదు.

చలి చాలనిచో చెట్టు చావదు. ఇదియే రైతును మోసపుచ్చునది. వేళ్లు పట్టును, కాండము బలియును, ఆకులు పచ్చగా నుండును. చూచువారు తోట బాగున్నదందురు. కాని వసంతమున ఆకులు ఒకేసారి రాక, కొనల మాత్రము చిగిర్చి, నడుమ కొమ్మ బోసిగా నుండును. పూమొగ్గలు విచ్చకయే రాలును. లేదా రెండు నెలలు అక్కడొకటి ఇక్కడొకటిగా పూయును. ఎరువు చాలలేదనియో, నీరు తక్కువయైనదనియో తలచి రైతు మఱింత వ్యయము చేయును. ఎరువువలన ఆకు పెరుగునేగాని, లేని చలి రాదు.

7. పుప్పొడి విషయము

చలి చాలినచోటను మఱొక చిక్కు గలదు. జపాను ప్లమ్ రకములలో పెక్కు తమ పుప్పొడితో తాము కాయలు కట్టవు. వేఱొక రకపు పుప్పొడి తేనెటీగలద్వారా రావలయును. ఆ రెండవ రకము మొదటిదానితో నేకకాలమున పూయవలయును. పంజాబునందు సట్లజ్ పర్పుల్ తోటలలో కాలా అమృత్‌సరీ చెట్లను నడుమ నడుమ నాటుట యిందుకే. శాంటా రోసా కొంతవఱకు తనంతట కాయును. జోడు రకమున్నచో మఱింత కాయును. కావున ఒక్కటే రకపు మొక్కలను నూరు కొన్నవాడు నూరు చెట్లకు పూత చూచి, పండ్లు చూడకపోవచ్చును.

8. వ్యయమునుగూర్చి యొక లెక్క

20 అడుగుల యెడముతో నాటినచో ఎకరమునకు 108 మొక్కలు పట్టును. ప్లమ్ చెట్టు మూడవ లేక నాలుగవ యేట మొదటి కాపునకు వచ్చును. పూర్తి కాపునకు మఱి కొన్నేండ్లు పట్టును. అనగా ఎకరము బాగాతు భూమిని నాలుగు సంవత్సరములు దీనికి కట్టిపెట్టవలయును. 108 మొక్కల వెలకంటె, నాలుగేండ్ల బావినీరును, అదే భూమిలో కాయగూరలో పసుపో పండించినచో వచ్చు రాబడియు పెద్దవి. మొక్కల వెల చౌకయని సంతోషించుటకు ముందు ఈ లెక్క వేసికొనవలెను.

9. మొక్కలు కొనునపుడు అడుగవలసినవి

ఎవరేని ప్లమ్ మొక్కలు అమ్మజూపినయెడల ఈ ప్రశ్నలు వేయవలెను. (అ) ఇది యే జాతి, ఏ రకము? (ఆ) దీనికెన్ని గంటల చలి కావలయును? (ఇ) దీనికి జోడుగా నాటవలసిన రకమేది? (ఈ) అంటు కట్టినదా, గింజమొక్కయా? గింజమొక్క తల్లిగుణమును తప్పక చూపునను నమ్మకము లేదు. (ఉ) మన జిల్లాలో కాపునకు వచ్చిన చెట్టు ఎక్కడనున్నది? పోయి చూడవచ్చునా? అయిదవ ప్రశ్నకు సరియైన సమాధానము రానిచో తక్కిన నాలుగింటికి వచ్చిన సమాధానములను నమ్మి ఎకరములకొలది నాటరాదు. పండు బొమ్మను చూపుట చెట్టును చూపుట కాదు.

10. పరీక్షార్థము నాటదలచువారికి

ఆసక్తిగల రైతు తోటయంచున నాలుగు మొక్కలను, రెండేసి రకములుగా, నాటి చూచుటలో తప్పులేదు. నీరు నిలువని లోతైన గరపనేల యుత్తమము. నల్లరేగడిలో వేళ్లకు నీరు నిలిచినచో చెట్టు కుళ్లును, బంక కారును. మొక్కలను ఆకు రాల్చి నిద్రించు కాలమున నాటవలెను. అంటు కట్టినచోటు నేలకు పైననే యుండవలెను.

ఒక చిన్న పుస్తకమున ప్రతి సంవత్సరము ఈ తేదీలు వ్రాసికొనవలెను: ఆకులు పూర్తిగా రాలిన దినము, మొదటి పువ్వు విచ్చిన దినము, పూత ముగిసిన దినము, నిలిచిన కాయల సంఖ్య. కనిష్ఠోష్ణమును చూపు ఉష్ణమాపకము నొకదానిని నీడపట్టున వ్రేలగట్టి, నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు ప్రతి ప్రాతఃకాలమున చూచి గుఱుతు పెట్టుకొనవలెను. నాలుగేండ్ల యిట్టి లెక్క ఆ గ్రామమునకంతకును ఉపకరించును. కాపు కనబడినచో విస్తరింపవచ్చును. కనబడనిచో నష్టము నాలుగు మొక్కలతో పోవును.

11. బదులుగా నాటదగినవి

ప్లమునం దాశింపబడు లాభము, అనగా పులుపు తీపి కలిసిన రసవత్ఫలము, మన నేలలోనే పండించుటకు వీలున్నది. ఉమ్రాన్, గోలా మొదలగు అంటురేగు రకములు తక్కువ నీటితో ఖుష్కీ భూములలో సైతము కాయును. పెద్దకాయ నేరేడు రకములకు పట్టణములలో గిరాకి గలదు. జామ, సీతాఫలము, బత్తాయి మనకు పరిచితములు.

మన నేరేడే ఇందులకు మంచి నిదర్శనము. మనుష్యులు దానిని హవాయి ద్వీపములకు కొనిపోగా, అచ్చటి యుష్ణమును వర్షమును దాని స్వభావమునకు సరిపడి, పక్షులు గింజలను వెదజల్లగా, అడవులలో వ్యాపించి తీసివేయలేని కలుపుచెట్టైనది. అదే నేరేడును మంచు కురియు దేశమున నాటినచో మొదటి చలికాలమునకే చచ్చును. చెట్టు మంచిదా చెడ్డదా యను ప్రశ్నకంటె, ఈ చోటికి తగినదా యను ప్రశ్న ముందు వేయవలసినది.

12. సారాంశము

(1) రేగు, నేరేడు, అడవిమామిడి ప్లములని పిలువబడినను నిజమైన ప్లములు కావు.

(2) జపాను ప్లమ్ చైనాదేశపు చెట్టు, ఆకు రాల్చునది, మొగ్గకు తఱచు మూడు తెల్లని పువ్వులు పూయునది.

(3) సెంటిగ్రేడు 7 డిగ్రీలకు లోబడిన చలి, రకమునుబట్టి 150 మొదలు 900 గంటలు లేనిదే అది సరిగా పూయదు, కాయదు. తెలంగాణమునందును, ఆంధ్రప్రదేశపు మైదానములందును అంతటి చలి లేదు.

(4) చలి చాలని చెట్టు పచ్చగా పెరుగును. పచ్చదనమును చూచి కాపు నాశింపరాదు.

(5) పెక్కు రకములకు జోడు రకము కావలయును.

(6) నాలుగు మొక్కలతో పరీక్షింపక ఎకరము నాటరాదు.

(7) వాడిన ప్లమ్ ఆకులను పశువుల కందనీయరాదు.

రైతులు ఈ విషయములను తమ యింటివారికిని, చదువురాని యిరుగుపొరుగు కాపులకును చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.